తడిస్తే ఎంత తూగుతుంది? లంకల్లో, తీరాన రాత్రి బసకు పనికొచ్చే ఇంటి సామాను

క్యాంపింగ్ సామాను అమ్మే ఆన్‌లైన్ పేజీల్లో ప్రతి వస్తువు కిందా ఓ అంకె ఉంటుంది: ఇన్ని గ్రాములు. అది పొడిగా ఉన్నప్పటి బరువు. అంతర్వేది దగ్గర సరుగుడు తోటలోనో, గోదావరి పాయ వశిష్ఠ మధ్యలో ఏదో లంక (నదిలోని దీవి) మీదో ఓ రాత్రి పడుకుని పొద్దున్నే లేచి చూడండి, పొడిగా ఉన్న వస్తువు ఒక్కటీ కనపడదు. చలికాలం మంచు, ఎండాకాలం ఉప్పుగాలి చెమ్మ, వానాకాలం సంగతి సరేసరి. అందుకని ఈ డెల్టాలో వీపు మీద మోసే సంచిలోకి ఏది ఎక్కాలన్నా ముందు అడగాల్సినవి రెండు: తడిస్తే ఎంత తూగుతుంది, ఎంతసేపట్లో ఆరుతుంది. ఎన్ని పనులకి వస్తుందన్నది ఆ తర్వాత.

ఈ లెక్కన చూస్తే అమలాపురం, పాలకొల్లు, నరసాపురం, రాజమండ్రి బజార్లలో ఎరువుల కొట్టు, కిరాణా కొట్టు, స్టీలు సామాన్ల కొట్టు, సైకిలు పంక్చరు షాపు కలిపి తిరిగితే చాలావరకు పని అయిపోతుంది. అన్నీ బాగుంటాయని కాదు. కొన్ని ఇంట్లో ఎంత బాగున్నా సంచిలో శుద్ధ దండగ, వాటి సంగతీ చెప్పుకుందాం.

బరకం

బరకం అంటే టార్పాలిన్ పట్టా, ధాన్యం ఆరబోయడానికీ, రాశి మీద కప్పడానికీ ప్రతి రైతింట్లో ఉండేదే. టెంటు బదులు మోయాలంటే మాత్రం ఇంట్లో ఉన్నది లాక్కుపోవడం తప్పు, అది మందం ఎక్కువది. కొట్లో సైజు అడుగుల్లో చెబుతారు, మందం జీఎస్‌ఎంలో చెబుతారు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని. ఈ రెండూ తెలిస్తే తక్కెడ అక్కర్లేదు. 12 అడుగులు 9 అడుగుల బరకం దాదాపు 10 చదరపు మీటర్లు. 90 జీఎస్‌ఎంది అయితే 900 గ్రాములు, 120ది కిలో 200, 250ది ఏకంగా రెండున్నర కిలోలు. ఇద్దరికి 12 × 9, 90కీ 120కీ మధ్యది తీసుకోండి. ఇంకా పల్చనిది తేలికే గాని మడతల దగ్గర పూత తొందరగా లేచిపోతుంది, వాన కారేది సరిగ్గా అక్కడే. కొనేముందు కొట్టు బయటికి తెచ్చి, మడత విప్పి, సూర్యుడికి ఎదురుగా పట్టి చూడండి. మడత గీతల వెంట సూది మొనల్లా వెలుతురు కనిపిస్తే వెనక్కిచ్చేయండి.

బరకం గొప్పతనం ఏంటంటే నీళ్లు తాగదు. రాత్రంతా తడిసినా నలుగురు నాలుగు మూలలు పట్టి రెండుసార్లు విదిలిస్తే బరువు దాదాపు మొదటికే వస్తుంది. రెండు పొరల టెంటు అలా కాదు. లోపలి బట్ట, కుట్లు, నాడాలు అన్నీ చెమ్మ పట్టుకుని సంచిలోకి వస్తాయి.

దీని బలహీనత అంచు మీది రింగులు. గాలి లాగే లాగుడంతా ఆ చిన్న కన్నం మీదే పడుతుంది. తీరం గాలికి రింగు ఊడి రావడానికి ఒక్క రాత్రి చాలు. అందుకని రింగుకి తాడు కట్టకండి. అంచు నుంచి బెత్తెడు లోపలికి, బరకం అడుగు వైపు ఓ ఎండు కుంకుడుకాయ పెట్టండి. దాని చుట్టూ బరకాన్ని మూటలా పోగుచేసి మెడ తిప్పండి. పశువుని గుంజకి కట్టే ముడి ఉంది చూశారూ, రెండు చుట్లది, అదే ఆ మెడకి బిగించండి. లాగుడు కాయ చుట్టూ ఉన్న గుడ్డంతా పంచుకుంటుంది, కన్నం అనేదే లేదు కాబట్టి చిరగదు. వేరే ఊళ్లలో దీనికి గులకరాయి వాడతారు. ఇక్కడ అంతా ఒండ్రే, గులకరాయి కోసం వెతికితే తెల్లారిపోతుంది. కుంకుడుకాయ లేకపోతే వక్క అయినా సరే.

ఇసకలో మేకు నిలవదు, ఎంత పొడుగుదైనా అంతే. 25 కిలోల బియ్యం సంచి ఖాళీది ఒకటి తెచ్చి నాలుగు ముక్కలు చేయండి. ఒక్కో ముక్కలో నాలుగైదు దోసిళ్ల ఇసక పోసి మూటకట్టి, మెడకి తాడు బిగించి, మూరెడు లోతున పూడ్చి పైన కాలితో తొక్కాలి. తాడు బయటికొచ్చే దారి ఏటవాలుగా ఉండాలి, నిట్టనిలువుగా ఉంటే మూట పైకి లేస్తుంది. తడి ఇసకలో పట్టు ఎక్కువ, కాబట్టి పొడి పొర దాటి తవ్వండి. అలాగని అలల గీత దగ్గరికి దిగిపోకండి, రాత్రి పోటుకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో పక్క పల్లెలో వేటగాళ్లని అడిగితే చెబుతారు. లంక మీద అయితే ఇంకా జాగ్రత్త. పైన వాన పడినా, నీళ్లు వదిలినా కింద నీటిమట్టం లేస్తుంది, మనకి మబ్బు కూడా కనపడదు.

ఇక చలికాలంలో జనం చేసే పొరపాటు: మంచు పడుతుందని బరకాన్ని నేలదాకా దించి నాలుగు వైపులా మూసేస్తారు. ఊపిరి చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలి వైపు చుక్కలు కట్టి, తెల్లారుజామున మొహం మీద పడుతుంది. బరకం కారిపోతోందని కొట్టు వాణ్ణి తిట్టుకుంటారు. బరకాన్ని మధ్యలో మోసే నడిమి తాడు ఛాతీ ఎత్తున కట్టి, గాలి వచ్చే వైపు అంచు నేలకి దించి, ఎదటి వైపు మోకాలెత్తు ఖాళీ వదిలితే ఆ బాధ చాలావరకు ఉండదు.

తాడు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని రాత్రి నిద్ర పట్టేదీ పట్టనిదీ తేల్చేది ఇదే. బజార్లో మూడు రకాలు. కోనసీమలో కొబ్బరి తాడుకి కొదవ లేదు. ఉప్పునీటికి తట్టుకుంటుంది, ముడి జారదు, చవక. కానీ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, తడిసి ఉబ్బిన ముడి పొద్దున్న విప్పాలంటే గోళ్లు ఊడతాయి. నైలాన్ తాడుకి బలం ఎక్కువ, కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించిన బరకం అర్ధరాత్రికి ఉయ్యాలలా వేలాడేది అందుకే, ముడి జారి కాదు. మూడోది పడవల దగ్గర కనిపించే పచ్చదో నీలందో ప్లాస్టిక్ తాడు, పాలీప్రొపిలీన్‌ది. నీళ్లు పీల్చదు, నీళ్ల మీద తేలుతుంది, తడిసినా పొడిదానంతే తూగుతుంది. 4 మిల్లీమీటర్లది 20 మీటర్లు 150 గ్రాములు అటూ ఇటూ. మన లెక్కలో దీనికే మొదటి మార్కు.

దాని లోపం నునుపు. ప్రతి ముడికీ ఒక చుట్టు అదనంగా వేయాలి. కోసిన కొసని అగ్గిపుల్లతో కాల్చి ముద్ద చేయకపోతే పురి విడిపోతుంది. ఎండలో వదిలేస్తే నెలల్లో పెళుసెక్కుతుంది, చేత్తో రాస్తే పొట్టులా రాలిందంటే దాన్ని దండేనికి కూడా నమ్మకండి.

తుండు, లుంగీ, పాత చీర

టర్కీ తువ్వాలు ఇంట్లో రాజు, సంచిలో శత్రువు. అరకిలోది ఒకసారి తడిస్తే ఎంత పిండినా కిలో దగ్గర ఆగుతుంది, సాయంత్రానికి కూడా ఆరక వాసన పడుతుంది. పల్చటి నేత తుండు 150 గ్రాములది పిండాక 300 అటూ ఇటూ ఉంటుంది, ఎండా గాలీ ఉంటే గంటలో ఆరిపోతుంది. అంకెలు మనవే నమ్మక్కర్లేదు. వంటింటి తూకం యంత్రం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు: పొడిగా తూచి, ముంచి, గట్టిగా పిండి మళ్లీ తూచి, నీడలో ఆరేసి అరగంటకోసారి చూడండి. మూడు గంటలు దాటినా పొడి బరువుకి దిగకపోతే అది డెల్టాకి పనికిరాదు.

లుంగీ కొనేటప్పుడు రెండు అంచులూ కలిపి గొట్టంలా కుట్టించింది తీసుకోండి. పడుకుంటే దుప్పటి, సముద్ర స్నానం తర్వాత బట్టలు మార్చుకునే గది, ఓ కొస ముడేస్తే కట్టెలు మోసే మూట, ఎండలో తలపాగా. కొంచెం పాలిస్టర్ కలిసింది తొందరగా ఆరుతుంది గాని పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. వంట చేసే మనిషి మాత్రం నూలుదే కట్టుకోవాలి.

సముద్రంలో తడిసిన బట్ట మాయ చేస్తుంది. మధ్యాహ్నం ఎండకి కరకరలాడేలా ఆరుతుంది, పొద్దుగూకగానే మళ్లీ చెమ్మగిల్లుతుంది. బట్టలో మిగిలిన ఉప్పు గాల్లో తేమని లాక్కోవడమే దానికి కారణం. రెండు చెంబుల మంచినీళ్లు ఖర్చయినా సరే, ఒకసారి జాడించే ఆరేయాలి.

పాత నూలు చీర సగం ముక్క తెచ్చుకుంటే నీళ్లు వడకట్టడానికి దానంతటిది లేదు. ఇది అమ్మమ్మల నమ్మకం మాత్రమే కాదు. బంగ్లాదేశ్‌లో పాత చీరని కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడకడితే కలరా కేసులు దాదాపు సగానికి తగ్గినట్టు 2003లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కలరా క్రిములు పట్టుకుని ఉండే సన్నటి నీటి పురుగులు ఆ మడతల్లో ఆగిపోతాయి. ఉతికి ఉతికి నలిగిన చీరలో పోగులు విచ్చుకుని కన్నాలు చిన్నవవుతాయి, కొత్త గుడ్డ కన్నా పాతదే మేలనేది అందుకే. వడకట్టాక తిరగేసి జాడించి ఎండలో వేయండి. మరగబెట్టే పని మాత్రం తప్పదు.

పటిక

ముప్పై గ్రాముల ముక్క, అగ్గిపెట్టెంత కూడా ఉండదు. సంచిలో బరువుకి తగ్గ పని చేసే వస్తువు దీన్ని మించింది లేదు. వరద రోజుల ఎర్రనీళ్లని తేర్చడం దీని అసలు పని. పది లీటర్లకి శనగ గింజంత పటిక చాలు. నలగ్గొట్టి గ్లాసుడు నీళ్లలో కరిగించి, బకెట్‌లో పోసి ఒక నిమిషం జోరుగా, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా కలపండి. మెల్లగా కలిపే ఆ ఐదు నిమిషాలే అసలు కిటుకు. సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని దూదిపింజల్లా పెద్దవయ్యేది అప్పుడే. ఆపకుండా జోరుగా తిప్పితే ఆ పింజలు మళ్లీ చితికిపోతాయి. రెండు గంటలు కదపకుండా ఉంచి, పైనీళ్లని చెంబుతో తీసి, నాలుగు మడతల చీరలో వడకట్టండి.

తేరిన నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి, అక్కడే మోసపోతారు. పటిక మట్టిని దించుతుంది, క్రిముల్ని చంపదు. బుడబుడ మరిగాక కనీసం ఒక నిమిషం ఉంచాలి. లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి, బిళ్ల ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసి. తేర్చకుండా ఎర్రనీళ్లలోనే బిళ్ల వేస్తే క్లోరిన్ అంతా మట్టికే ఖర్చయిపోతుంది. పటిక ఎక్కువైతే నాలుక మీద వగరు తెలుస్తుంది. ఇక ఉప్పు సంగతి: పటికా తియ్యదు, మరగబెట్టినా పోదు, మరగబెడితే నిజానికి ఇంకా చిక్కబడుతుంది. తీరానికి వెళ్లేవాళ్లు మంచినీళ్లు లోపలి ఊళ్లలోనే నింపుకోవాలి, మనిషికి రోజుకి వంటతో కలిపి కనీసం నాలుగు లీటర్లు.

గడ్డం గీసుకుంటే పడే గాటుకీ, చంకల వాసనకీ అదే ముక్క. గుమ్మానికి దిష్టికి కట్టింది విప్పుకెళ్తే మాత్రం ఇంట్లోవాళ్లు ఊరుకోరు, కిరాణాలో వేరేది కొనుక్కోండి.

గిన్నె, చెంబు, సీసా

టిఫిన్ క్యారియర్ మర్చిపోండి. ఒకటిన్నర లీటర్ల సిల్వర్ (అల్యూమినియం) గిన్నె, దాని మీద సరిగ్గా కూర్చునే స్టీలు పళ్లెం ఇద్దరికి చాలు. పళ్లెం మూతకి మూత, తినడానికి కంచం, కూరగాయలు తరగడానికి బల్ల. అల్యూమినియం అదే సైజు, అదే మందం స్టీలులో మూడో వంతే తూగుతుంది. కాకపోతే చింతపండు దానికి పడదు. పులస కాకపోయినా ఏదో ఒక చేపల పులుసు పెట్టకపోతే గోదావరి ఒడ్డున పడుకున్నట్టు కాదనుకునేవాళ్లు స్టీలు గిన్నె బరువు మోయాల్సిందే. పులుపూ ఉప్పూ కలిసి సిల్వర్ గిన్నె లోపల గుంటలు పెడతాయి.

కట్టెల పొయ్యి ఎక్కించే ముందు గిన్నె బయట, అడుగున పల్చగా నల్లమట్టి పూయండి, మసి మట్టికే అంటుకుని కడిగితే ఊడిపోతుంది. ఇద్దరికి 200 గ్రాముల బియ్యం, అర లీటరు నీళ్లు. పొంగు వచ్చాక పది నిమిషాలు సన్న సెగ, దించి మూతతో సహా తుండులో చుట్టి ఇంకో పావుగంట. మిగతా అన్నం ఆ వేడికే ఉడుకుతుంది, కట్టె మిగులుతుంది.

ఎన్ని పనులకి వస్తుందన్న మూడో ప్రశ్నలో మార్కు చెంబుకే. అర లీటరు స్టీలు చెంబు నీళ్లు ముంచడానికి, టీ కాచడానికి, గుడ్లు ఉడకబెట్టడానికి వస్తుంది. ఇంకో పనికి కూడా వస్తుందని మనందరికీ తెలుసు, దానికి మాత్రం కోసిన ప్లాస్టిక్ సీసా వేరేగా పెట్టుకోండి.

లీటరు నీళ్ల సీసా ఖాళీది 30 గ్రాములు కూడా ఉండదు, ఏ బ్రాండు బాటిలూ దీంతో పోటీ పడలేదు. కూల్‌డ్రింకు సీసా ఇంకా గట్టిది, గ్యాసు ఒత్తిడికి ఆగేలా చేస్తారు గనక. వేడి నీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బాగా ఎండిన సీసాలో ముప్పావు కిలోకి పైగా బియ్యం పడుతుంది. చీమ దూరదు, ఎండ్రకాయ కొరకదు, పడవలోంచి జారినా తేలుతుంది. రాత్రికి నీళ్ల సీసాలో నాలుగు చుక్కలు పాలు వేసి ఫోను టార్చి మీద నిలబెడితే గుడారమంతా మెత్తని వెలుగు.

సైకిలు ట్యూబు, కుంకుడు, కర్పూరం

పంక్చరు షాపులో పారేసే పాత ట్యూబుని వేలెడు వెడల్పు రింగులుగా కోయించుకోండి. బరకం చుట్టకి, పగిలిన చెప్పుకి, మూత వదులైన డబ్బాకి అన్నింటికీ కట్టు. వాన పడ్డ కట్టె అంటుకోకపోతే ఒక రింగు వెలిగిస్తే నాలుగైదు నిమిషాలు మండుతుంది. ఆ పొగ మంచిది కాదు, అది పూర్తిగా ఆరాకే గిన్నె ఎక్కించండి. మామూలు రోజున కొబ్బరి పీచులో ఓ కర్పూరం బిళ్ల చాలు. కర్పూరం బిగుతు మూత డబ్బాలో లేకపోతే గాల్లోకి ఆవిరైపోయి ఖాళీ డబ్బా మిగులుతుంది. సరుగుడు తోటలో రాలిన ఆకు మహా చెడ్డగా అంటుకుంటుంది, రెండు గజాల మేర ఊడ్చి, గుంట తీసి అందులోనే పొయ్యి. చివర్న నిప్పుల మీద ఇసక కప్పి వదిలేయకండి, కింద గంటలకొద్దీ వేడి నిలుస్తుంది, పొద్దున్న వట్టికాళ్లతో ఎవరో తొక్కుతారు. నీళ్లే పోయాలి.

బరకానికి కట్టిన కుంకుడుకాయలే తర్వాత తలంటుకీ, గిన్నెలకీ. ఉప్పదనం ఉన్న నీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, కుంకుడు మాత్రం నురగ ఇస్తుంది. ఆ నీళ్లు చేపల చెరువు వైపు పోనివ్వకండి. కుంకుడు రసం చేపలకి విషం, చెరువు వాళ్లతో తగువు పెట్టుకోవడం ఎందుకు.

దోమతెర, పరుపు

స్టీలు తీగతో గొడుగులా విచ్చుకునే దోమతెర ఇంట్లో బాగుంటుంది. సంచిలో గుండ్రంగా అడ్డం పడుతుంది, ఉప్పుగాలికి తీగ తుప్పు పడుతుంది, ఆ మరక వల మీదికి ఎక్కుతుంది. నాలుగు మూలలా నాడాలున్న ఒంటి మంచం పాలిస్టర్ తెర కొనండి, బరకం నడిమి తాడుకే వేలాడదీయవచ్చు. నూలు తెర తడిస్తే బరువూ, ఆరడం ఆలస్యమూ. నిద్రలో మోచెయ్యి తెరకి ఆనిందంటే దోమ బయట నుంచే కుడుతుంది, ఆ వైపు లుంగీ మడిచి అడ్డం పెట్టుకోండి.

తుంగచాప చల్లగా హాయిగా ఉంటుంది, రెండు రాత్రుల చెమ్మకి బూజు పడుతుంది. ప్లాస్టిక్ చాప తీసుకోండి. దాని కింద రెండు బియ్యం సంచుల్లో ఎండు సరుగుడాకు కూరితే పరుపు, పొద్దున్న ఆకు దులిపేస్తే సంచులు వంద గ్రాములకి అటూ ఇటూ. యూరియా సంచి వాడకండి. ఎన్నిసార్లు కడిగినా కుట్లలో ఎరువు మిగులుతుంది, అది తేమని పీల్చి జిగటగా అంటుకుంటుంది. పురుగుమందులతో కలిపి నిల్వ ఉన్నదైతే తల కింద పెట్టుకునే ప్రసక్తే లేదు.

తిండిలో ఒక్క మాట: అటుకులు, బెల్లం, ఎండు కొబ్బరి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. తేలికగా ఉంటాయి కదా అని ఆత్రేయపురం పూతరేకులు సంచిలో వేసుకుంటారు కొందరు. బరువు లేని మాట నిజమే, డబ్బా మూత తీసిన పావుగంటకి ఆ గాలిలో మెత్తబడి ముద్దవుతాయి. బస్సు దిగకముందే తినేయండి.

ఇంటికొచ్చిన రోజే బరకం, దోమతెర మంచినీళ్లతో కడిగి దండెం మీద వేయాలి. తాడు ముడులన్నీ విప్పి, నీడలో చుట్టలు వదులుగా వేలాడదీయండి.